నాన్‌కింగ్ సంధిలో నల్లమందు వ్యాపారం ఊసు ఎందుకు లేదు?

ప్రశ్న: చరిత్ర పాఠం

నేను డిగ్రీ విద్యార్థులకు ఆధునిక ప్రపంచ చరిత్ర బోధిస్తాను. నల్లమందు యుద్ధాలకు మా పాఠ్యపుస్తకం కేటాయించింది ఒకటిన్నర పేజీ. చైనా అధికారి లిన్ జెషూ బ్రిటిష్ వ్యాపారుల నల్లమందును తగలబెట్టించాడని, దానికి ప్రతీకారంగా బ్రిటన్ యుద్ధానికి దిగిందని, చైనా ఓడిపోయి 1842లో నాన్‌కింగ్ సంధి కుదుర్చుకుని హాంకాంగ్‌ను వదులుకుందని అందులో ఉంది. ఇన్నేళ్లూ నేను ఇదే చెబుతూ వచ్చాను.

గత వారం తరగతిలో ఒక అమ్మాయి లేచి, "సార్, నల్లమందు అమ్ముకోవడానికే యుద్ధం చేసి, ఆ యుద్ధంలో గెలిచినవాళ్లు, దాన్ని అమ్ముకునే హక్కును సంధిలో ఎందుకు రాయించుకోలేదు?" అని అడిగింది. రాయించుకునే ఉంటారనుకుని, చూసి చెబుతానన్నాను. ఆ రాత్రి సంధి పాఠాన్ని మొదటి నుంచి చివరి వరకు రెండుసార్లు చదివాను. రేవుల గురించి, హాంకాంగ్ గురించి, పరిహారం గురించి, అధికారులు ఒకరికొకరు ఉత్తరాలు ఏ మర్యాదతో రాసుకోవాలన్న దాని గురించి కూడా అందులో ఉంది గాని, నల్లమందు వ్యాపారాన్ని అనుమతిస్తున్నట్టు గాని, నిషేధిస్తున్నట్టు గాని ఒక్క వాక్యమూ లేదు. మరుసటి రోజు ఆ అమ్మాయికి సమాధానం చెప్పలేకపోయాను. ఆ సంగతి నన్ను ఇంకా బాధిస్తూనే ఉంది.

దీనితో పాటు ఇంకో సందేహం. ఈస్టిండియా కంపెనీ తన ఓడల్లో చైనాకు నల్లమందును ఎన్నడూ పంపలేదని ఒకచోట, ఆ నల్లమందంతా కంపెనీదేనని ఇంకొకచోట చదివాను. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? తెలిసినవారు వివరంగా రాస్తే, ఈసారి తరగతికి సరైన పాఠంతో వెళ్తాను.

జవాబు: నిదానం

చరిత్ర పాఠం గారూ, మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న చాలా విలువైనది. నల్లమందు అన్న మాట నాన్‌కింగ్ సంధిలో పూర్తిగా లేకపోలేదు, నాలుగో అధికరణంలో ఉంది. 1839 మార్చిలో చైనా దక్షిణ తీరపు రేవు నగరం కాంటన్‌లో అప్పగించిన నల్లమందు విలువ కింద చైనా చక్రవర్తి 60 లక్షల వెండి డాలర్లు చెల్లించాలని ఆ అధికరణం చెబుతుంది. అయితే ఆ సొమ్మును సరుకు ఖరీదుగా చూపకుండా, చైనా అధికారులు నిర్బంధించి చంపుతామని బెదిరించిన బ్రిటిష్ ప్రతినిధి, బ్రిటిష్ ప్రజల ప్రాణాలకు కట్టిన విమోచన ధనంగా చూపారు. నిషిద్ధ సరుకుకు వెల కట్టించుకుంటూనే, దాన్ని ప్రాణాల వెలగా రాసుకున్నారు. మీ ప్రశ్నకు సగం సమాధానం ఈ అధికరణం రాసిన తీరులోనే కనిపిస్తుంది.

ఇలా ఎందుకు రాయవలసి వచ్చిందో తెలియాలంటే 1839 మార్చికి వెళ్లాలి. దావోగ్వాంగ్ చక్రవర్తి నియమించిన ప్రత్యేక అధికారి లిన్ జెషూ ఆ నెల 10న కాంటన్ చేరుకున్నాడు. విదేశీ వ్యాపారుల దగ్గరున్న నల్లమందంతా అప్పగించాలని, ఇకపై తెచ్చినవారు మరణశిక్షకు ఒప్పుకుంటూ హామీపత్రం రాసివ్వాలని ఆజ్ఞాపించాడు. వ్యాపారులు జాప్యం చేయడంతో 24వ తేదీన వారి గిడ్డంగుల వాడను దిగ్బంధించి, అక్కడ పనిచేసే చైనా వంటవారిని, సేవకులను, కూలీలను బయటికి పిలిపించాడు. దాదాపు 350 మంది విదేశీయులు వంట చేసుకోవడం, నీళ్లు మోసుకోవడం స్వయంగా నేర్చుకుంటూ ఆరు వారాలకు పైగా అక్కడే ఉండిపోయారు.

యుద్ధానికి అసలు కారణమైన నిర్ణయం ఆ నిర్బంధంలోనే జరిగింది. బ్రిటిష్ వ్యాపార పర్యవేక్షకుడు చార్లెస్ ఎలియట్ మార్చి 27న ఒక ప్రకటన చేశాడు. నల్లమందునంతా తనకు అప్పగించాలని, దాని విలువకు బ్రిటిష్ ప్రభుత్వం పూచీ పడుతుందని అందులో హామీ ఇచ్చాడు. అప్పటికి నిషేధం కట్టుదిట్టం కావడంతో సరుకు కొనేవాడు లేక వ్యాపారులు తలలు పట్టుకుని ఉన్నారు. అమ్ముడుపోని సరుకుకు సాక్షాత్తూ ప్రభుత్వమే పూచీ పడతానంటే ఎవరు కాదంటారు? మొత్తం 20,283 పెట్టెలు అప్పగించారు. ఆ క్షణం నుంచి అది దొంగ వ్యాపారుల సరుకు కాదు, బ్రిటిష్ రాణి ఆస్తి. ఎలియట్‌కు ఆ హామీ ఇచ్చే అధికారం ఉందా లేదా అన్నది లండన్‌లో పెద్ద చర్చే అయింది గాని, ఇచ్చిన మాటకు అయ్యే సొమ్ము, అంటే సుమారు 20 లక్షల పౌండ్లు, అప్పటి ప్రభుత్వ ఖజానాలో లేదు. పార్లమెంటును అడిగితే ఇవ్వదు. ఆ సొమ్మును చైనా చేతనే కక్కించాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1839 అక్టోబరు 1న మంత్రివర్గం నౌకాదళాన్ని పంపాలని నిర్ణయించింది.

పాఠ్యపుస్తకంలోని "తగలబెట్టించాడు" అన్న మాటను దయచేసి సరిదిద్దండి. నల్లమందును కాలిస్తే అది కరిగి నేలలోకి ఇంకుతుంది, జనం ఆ మట్టిని తవ్వుకుని మళ్లీ తీసుకుంటారు. ఇది తెలిసే లిన్ హూమెన్ దగ్గర సముద్రతీరాన మూడు పెద్ద గోతులు తవ్వించాడు. అడుగున రాతి పలకలు పరిచి, పక్కలకు కలప దిమ్మెలు కట్టించి, నీళ్లు నింపి ఉప్పు వేయించాడు. నల్లమందు ఉండలను ముక్కలు చేసి అందులో నానబెట్టి, ఆపైన కాల్చిన సున్నం వేసేసరికి నీరంతా కుతకుత ఉడికింది. కూలీలు గోతుల మీద పరచిన పలకలపై నిలబడి కర్రలతో ఆ ముద్దను కలియబెట్టారు. తరువాత తూము తెరచి సముద్రంలోకి వదిలారు. 1839 జూన్ 3న మొదలైన ఈ పని మూడు వారాలకు పైగా సాగింది. వెయ్యి టన్నులకు మించిన సరుకు అలా నీళ్లపాలైంది. ఈ విషాన్ని నీలోకి వదులుతున్నాను, నీ జలచరాలను కొంతకాలం దూరంగా ఉండమని చెప్పు అంటూ లిన్ ముందుగానే సముద్ర దేవతను వేడుకుంటూ ఒక ప్రార్థన రాశాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగించిన విషయాలలో ఇది ఒకటి.

ఇక సంధి దగ్గరికి వద్దాం. 1840 ఏప్రిల్‌లో బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభలో ప్రభుత్వాన్ని తప్పుపడుతూ వచ్చిన తీర్మానం 262 ఓట్లకు 271 ఓట్లతో, అంటే కేవలం తొమ్మిది ఓట్ల తేడాతో వీగిపోయింది. అప్పటికి యువకుడైన గ్లాడ్‌స్టన్ ఈ యుద్ధాన్ని అన్యాయమైనదని ఆ సభలోనే నిందించాడు. "నల్లమందు యుద్ధం" అన్న పేరును ప్రచారంలోకి తెచ్చినవారు కూడా దాన్ని వ్యతిరేకించిన బ్రిటిష్ వారే. అంత పలుచని ఆధిక్యంతో నిలిచిన ప్రభుత్వం, నల్లమందు అమ్మే హక్కును సంధిలో పచ్చిగా రాయించుకుని ఇంటికి తీసుకురాగలదా? అందుకే విదేశాంగ మంత్రి పామర్‌స్టన్ తన ప్రతినిధులకు, ఆ వ్యాపారాన్ని చట్టబద్ధం చేస్తే మీకే సుంకం వస్తుందని చైనావారికి నచ్చజెప్పమన్నాడే తప్ప, దాన్ని షరతుగా పెట్టమనలేదు. నాన్‌కింగ్‌లో బ్రిటిష్ ప్రతినిధి హెన్రీ పాటింజర్ ఆ మాట కదిపాడు. చైనా ప్రతినిధులు దాన్ని చక్రవర్తి ముందు ఎత్తే సాహసం కూడా చేయలేదు. ఓడినవాడు ఒప్పుకోలేడు, గెలిచినవాడు పైకి అడగలేడు. దానితో ఆ చోటు ఖాళీగా మిగిలింది. వ్యాపారం మాత్రం మునుపటికన్నా విచ్చలవిడిగా సాగింది, ఎందుకంటే ఇప్పుడు దొంగ సరుకును దాచుకోవడానికి హాంకాంగ్ ఉంది, తెరచిన అయిదు రేవులు ఉన్నాయి, పట్టుకోవడానికి ధైర్యం చేసే చైనా అధికారి లేడు.

జవాబు: గంగాతీరం

నిదానం గారు మొదటి ప్రశ్నను సమగ్రంగా వివరించారు. రెండో సందేహానికి నేను ప్రయత్నిస్తాను. కంపెనీ తన ఓడల్లో నల్లమందును పంపలేదన్నదీ నిజమే, ఆ నల్లమందు కంపెనీదేనన్నదీ నిజమే. ఈ రెండూ ఒకేసారి నిజమయ్యేలా ఏర్పాటు చేసుకోవడంలోనే కంపెనీ తెలివి అంతా ఉంది.

1773లో వారన్ హేస్టింగ్స్ కాలంలో బెంగాల్, బీహార్ ప్రాంతాల నల్లమందు మీద కంపెనీ గుత్తాధికారం సంపాదించింది. ఆ తరువాత గసగసాల పంట పట్నా, బెనారస్ అనే రెండు ఏజెన్సీల అజమాయిషీలోకి వచ్చింది. బెనారస్ ఏజెన్సీ కర్మాగారం గాజీపూర్‌లో ఉండేది, అది నేటికీ ప్రభుత్వ కర్మాగారంగా పనిచేస్తోంది. లైసెన్సు లేనిదే గసగసాలు వేయకూడదు. వేసినవాడు పండిన పాలన్నీ కంపెనీకే, కంపెనీ నిర్ణయించిన ధరకే ఇవ్వాలి. ముందుగా బయానా ఇచ్చి రైతును కట్టిపడేసేవారు. సాయంత్రం పూట పచ్చి కాయలకు సన్నని కత్తులతో గాట్లు పెట్టి, రాత్రంతా ఊరిన పాలు తెల్లవారేసరికి జిగురుగా మారాక గీకి తీసే పని అది. కాయకు ఒకటికి నాలుగు సార్లు గాట్లు పెట్టాలి. ఇంటిల్లిపాదీ పొలంలో ఉంటే తప్ప సాగదు. పొలంలో అంత చాకిరీ చేసిన కుటుంబానికి దక్కే ధరకు, అదే సరుకుకు కలకత్తా వేలంలో పలికే ధరకు మధ్య ఎన్నో రెట్ల తేడా ఉండేది. ఆ తేడాయే ప్రభుత్వ ఆదాయం.

కర్మాగారంలో ఈ జిగురును ఉండలు కట్టేవారు. ఉండ పైపొర కోసం రాలిన గసగసాల పూరేకులనే ఏరి, రొట్టెల్లా వత్తి, నల్లమందు జిగురుతోనే పొరలు పొరలుగా అతికించేవారు. చూడటానికి ఫిరంగి గుండంత ఉండేది. ఎత్తయిన అరల్లో నెలల తరబడి ఆరబెట్టి, బూజు పట్టకుండా, పురుగు చేరకుండా పిల్లలచేత తిప్పిస్తూ ఉండేవారు. తరువాత మామిడి చెక్క పెట్టెలో అరకు ఇరవై చొప్పున రెండు అరల్లో 40 ఉండలు సర్దేవారు. ఒక్కో పెట్టెలో సుమారు 63 కిలోల సరుకు. కంపెనీ ముద్ర చూసి, ఉండను పగలగొట్టకుండానే నమ్మి కొనేవారంటే, ఆ సరుకుకు చైనాలో ఉన్న పరపతి అర్థమవుతుంది.

ఈ పెట్టెలను కలకత్తాలో వేలం వేయడంతో కంపెనీ బాధ్యత తీరిపోయినట్టే. కొన్నది ప్రైవేటు వ్యాపారులు, మోసింది వారి ఓడలు. నల్లమందును చైనా చక్రవర్తి 1729 నుంచే ఆంక్షలకు లోబరిచాడు, 18వ శతాబ్దం చివరికి దిగుమతినే నిషేధించాడు. కంపెనీ ఓడలో ఒక్క పెట్టె దొరికినా కాంటన్‌లో తేయాకు వ్యాపారం మొత్తం ఆగిపోతుందని కంపెనీ భయం. అందుకే తన ఓడలను దూరంగా ఉంచింది. ప్రైవేటు ఓడలు కాంటన్ నదీముఖం దగ్గర లింటిన్ దీవి పక్కన లంగరేసి ఉన్న గిడ్డంగి ఓడలకు సరుకు దించేవి. అక్కడి నుంచి యాభై అరవై తెడ్లు వేసే చైనా దొంగ పడవలు వచ్చి, వెండి చెల్లించి, రాత్రికి రాత్రే సరుకు పట్టుకుపోయేవి.

ఆ వెండి ఏమయ్యేదన్నది మీ తరగతిలో తప్పక చెప్పండి. వ్యాపారి ఆ వెండిని కాంటన్‌లోని కంపెనీ ఖజానాలో జమచేసి, లండన్‌లోనో కలకత్తాలోనో చెల్లే హుండీ తీసుకునేవాడు. కంపెనీ అదే వెండితో తేయాకు కొనేది. ఆ తేయాకు ఇంగ్లండు చేరాక దాని మీద వేసిన సుంకం ఒక దశలో బ్రిటిష్ ప్రభుత్వ ఆదాయంలో సుమారు పదో వంతు. బీహార్ రైతు గీకిన జిగురు, కాగితాల మీద మూడు చేతులు మారి, లండన్ వంటింట్లో తేనీరుగా తేలేది. 1833 చట్టంతో చైనా వ్యాపారంలో కంపెనీ గుత్తాధికారం రద్దయ్యాక జార్డిన్, మాథెసన్ వంటి సంస్థలు పూర్తి స్వేచ్ఛతో రంగంలోకి దిగాయి. 1820కి ముందు ఏటా నాలుగైదు వేల పెట్టెలుగా ఉన్న దిగుమతి 1838-39 నాటికి 40,000 పెట్టెలకు చేరింది.

ఇందులో మనవారి పాత్రను కూడా దాచకూడదు. పశ్చిమ తీరంలో మాల్వా నల్లమందును బొంబాయి, డామన్ రేవుల నుంచి పంపి కోట్లు గడించిన భారతీయ వ్యాపారులు ఎందరో ఉన్నారు. జంషెడ్జీ జీజీభాయ్ జార్డిన్‌కు దగ్గరి వ్యాపార భాగస్వామి. ఆ డబ్బుతో ఆయన ఆసుపత్రులు, పాఠశాలలు కట్టించాడన్నదీ చరిత్రే, ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ చరిత్రే.

జవాబు: తెరచాప

పై రెండు జవాబులనూ శ్రద్ధగా చదివాను. వాస్తవాలతో నాకు పేచీ లేదు, వాటికి ఇచ్చిన ప్రాధాన్యంతో ఉంది. యుద్ధమంతా నల్లమందు చుట్టూనే తిరిగిందని చెబితే, నాన్‌కింగ్ సంధిలోని మిగతా అధికరణాలు అర్థం కావు. 1757 నుంచి విదేశీయులు కాంటన్ ఒక్క రేవులోనే, ప్రభుత్వం ఎంపిక చేసిన కోహాంగ్ వర్తకుల ద్వారానే వ్యాపారం చేయాలి. వ్యాపార కాలం ముగిశాక అక్కడ ఉండకూడదు, స్త్రీలను వెంట తేకూడదు, చైనా భాష నేర్పినవాడికి శిక్ష. 1793లో మెకార్ట్నీ, 1816లో ఆమ్హర్స్ట్ రాయబారాలు వట్టి చేతులతో తిరిగివచ్చాయి. 1834లో బ్రిటిష్ వ్యాపార పర్యవేక్షకుడు నేపియర్ ప్రభువు సమాన హోదాతో ఉత్తరం ఇవ్వబోతే దాన్ని తీసుకోవడానికి కూడా అధికారులు నిరాకరించారు. సంధిలో కోహాంగ్ రద్దు, అయిదు రేవులు, సమాన హోదాతో ఉత్తర ప్రత్యుత్తరాలు అన్నవి ఈ పాత ఫిర్యాదులకు జవాబులే. అమెరికా మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ 1841లోనే, ఈ యుద్ధానికి కారణం నల్లమందు కాదు, విదేశీయులు సాష్టాంగపడాలన్న చైనా పట్టుదలే అని వాదించాడు.

వెండి విషయంలో కూడా జాగ్రత్త అవసరం. చైనా రైతు పంట అమ్మి రాగి కాసులు తెచ్చుకుంటాడు, పన్ను వెండి లెక్కన కడతాడు. ఒక టేల్ (చైనా తూకపు కొలత) వెండికి వెయ్యి కాసులుగా ఉన్న మారకం 1830ల చివరికి సుమారు 1,600 అయింది. పన్ను పెంచకుండానే పన్ను భారం సగానికి పైగా పెరిగినట్టయింది. ఈ వెండి కరవుకు నల్లమందు ఒక్కటే కారణమని చైనా మంత్రులు నమ్మారు. కాని స్పానిష్ అమెరికాలో స్వాతంత్ర్య పోరాటాల వల్ల గనుల ఉత్పత్తి పడిపోయి, ప్రపంచమంతటా వెండి తగ్గడం కూడా అందుకు ఒక కారణమని కొందరు చరిత్రకారులు చూపించారు.

జవాబు: నిదానం

తెరచాప గారూ, వెండి గురించి మీరు చెప్పినదాన్ని అంగీకరిస్తున్నాను. కాని ఆడమ్స్ వాదనను అంగీకరించలేను. కాంటన్ ఆంక్షలు 1757 నుంచి ఉన్నాయి. మెకార్ట్నీ వట్టి చేతులతో తిరిగివచ్చినప్పుడు యుద్ధం రాలేదు, ఆమ్హర్స్ట్ అప్పుడు రాలేదు, నేపియర్ అవమానపడి జ్వరంతో చనిపోయినప్పుడూ రాలేదు. 20,283 పెట్టెలు నీళ్లలో కలిశాక వచ్చింది. పాత ఫిర్యాదులు ఎండు పుల్లల్లా పేరుకుని ఉన్నాయన్నది నిజమే గాని, నిప్పు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి కదా.

ఆ నిప్పును ఊదినవారెవరో కూడా తెలిసిందే. విలియం జార్డిన్ 1839లో లండన్ వెళ్లి పామర్‌స్టన్‌ను స్వయంగా కలిసి, చైనా తీరపు పటాలు ఇచ్చి, ఎన్ని ఓడలు, ఎంత సైన్యం కావాలో లెక్కలు చెప్పి వచ్చాడు. అతడిచ్చిన సమాచారం ఎంతగానో ఉపకరించిందని యుద్ధానంతరం పామర్‌స్టన్ స్వయంగా కృతజ్ఞతతో రాశాడు.

మీ వాదనకు బలం చేకూర్చే ఒక సంఘటనను కూడా నేనే చెబుతాను, ఎందుకంటే అది రెండు వైపులా పదును ఉన్నది. నిర్బంధం ముగిశాక, నల్లమందు తేబోమని హామీపత్రం రాసిచ్చిన ఓడలకు లిన్ ద్వారాలు తెరిచే ఉంచాడు. నల్లమందుతో సంబంధం లేని కొన్ని బ్రిటిష్ ఓడలు అందుకు సిద్ధపడ్డాయి. ఎలియట్ వద్దన్నాడు. 1839 నవంబరు 3న రాయల్ శాక్సన్ అనే బ్రిటిష్ ఓడ హామీ ఇచ్చి లోపలికి వెళ్లబోతే, దాన్ని ఆపడానికి బ్రిటిష్ యుద్ధనౌకే హెచ్చరికగా ఫిరంగి పేల్చింది. ఆ ఓడకు రక్షణగా వచ్చిన చైనా నావల మీద ఆపైన కాల్పులు సాగాయి. చువెన్పీ పోరాటం అదే. స్వేచ్ఛా వాణిజ్యం కోసమే యుద్ధమైతే, చట్టప్రకారం వ్యాపారం చేసుకోబోయిన సొంత దేశపు ఓడను ఆపడం ఎందుకు?

లిన్ చేసిన పొరపాట్లు కూడా ఉన్నాయి, వాటిని దాచనవసరం లేదు. విక్టోరియా రాణికి రాసిన లేఖలో, మీ దేశంలో నల్లమందును కఠినంగా నిషేధించి, మా దేశానికి పంపడం ఏం న్యాయమని అడిగాడు. నిజానికి అప్పటి ఇంగ్లండులో దానికి నిషేధం లేదు, మందుల దుకాణాల్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ లేఖ రాణి చేతికి చేరినట్టు ఆధారం లేదు. వాస్తవం తప్పినా అడిగిన న్యాయం తప్పు కాదని నా అభిప్రాయం. ఓటమికి బాధ్యుణ్ణి చేసి చక్రవర్తి అతణ్ణి పశ్చిమాన ఇలీ సరిహద్దుకు ప్రవాసం పంపాడు.

జవాబు: పాత పటాలం

చర్చలో రాని ఒక విషయం చేరుస్తాను. ఈ యుద్ధంలో పోరాడినవారిలో చాలామంది బ్రిటిష్ వారు కారు. బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలతో పాటు మద్రాసు సైన్యానికి చెందిన పలు పటాలాలు, సాపర్లు (దారులు, కందకాలు వంటి పనులు చేసే సైనికులు), ఫిరంగి దళం వారు చైనాకు వెళ్లారు. మద్రాసు సైన్యంలో తెలుగువారు గణనీయంగా ఉండేవారు కాబట్టి, ఈ యుద్ధం మన భాష మాట్లాడేవారికి పూర్తిగా పరాయిది కాదు.

1841 మే నెలాఖరులో కాంటన్ నగరం వెలుపల సాన్‌యువాన్‌లీ అనే పల్లె దగ్గర జరిగిన సంఘటన చెబుతాను. 37వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీ అనే పదాతి పటాలానికి చెందిన సుమారు అరవై మంది సిపాయిలు కుండపోత వానలో దారి తప్పి, వేలాది గ్రామస్థుల మధ్య చిక్కుకున్నారు. వారి చేతుల్లో ఉన్నవి చెకుముకి తుపాకులు. మందు తడిసి పేలలేదు. మోకాటి లోతు వరి మడిలో చతురస్రంగా నిలబడి, బల్లేలతో, ఈటెలతో మీదపడుతున్నవారిని బాయొనెట్లతో అడ్డుకున్నారు. చీకటి పడ్డాక, వానలో కూడా పేలే కొత్తరకం తుపాకులున్న మెరీన్లు వచ్చి వారిని విడిపించారు. చైనా చరిత్రలో ఈ సంఘటనను సామాన్య ప్రజల ప్రతిఘటనకు తొలి గుర్తుగా గౌరవిస్తారు. ఆ వరిమడిలో అటు నిలబడినవారూ రైతులే, ఇటు నిలబడినవారూ చాలావరకు రైతు బిడ్డలే.

ప్రశ్నించినవారి స్పందన: చరిత్ర పాఠం

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సమాధానం ఆశించి వచ్చాను, ఒక వారం పాఠానికి సరిపడా దొరికింది. ఆ అమ్మాయి తప్పక అడిగే తరువాతి ప్రశ్నను నేనే అడుగుతాను. 1842లో రాయించుకోనిదాన్ని రెండో యుద్ధం తరువాత రాయించుకున్నారా? 1858 టియెన్‌సిన్ సంధితో నల్లమందు చట్టబద్ధమైందని మా పుస్తకంలో ఉంది. సంధి పాఠంలో వెతికితే అందులోనూ కనబడలేదు.

జవాబు: గంగాతీరం

మీరు సరిగ్గానే వెతికారు. టియెన్‌సిన్ సంధిలో కూడా అది లేదు.

రెండో యుద్ధానికి 1856 అక్టోబరు 8న కాంటన్‌లో ఆరో అనే పడవను చైనా అధికారులు సోదా చేయడం సాకుగా దొరికింది. పడవ యజమాని చైనావాడే, నావికులు చైనావారే, హాంకాంగ్‌లో తీసుకున్న బ్రిటిష్ రిజిస్ట్రేషన్ గడువు కూడా అప్పటికి కొద్ది రోజుల క్రితమే తీరిపోయింది. అయినా బ్రిటిష్ జెండాకు అవమానం జరిగిందని కాంటన్‌లోని బ్రిటిష్ కాన్సుల్ హ్యారీ పార్క్స్, హాంకాంగ్ గవర్నరు జాన్ బౌరింగ్ పట్టుబట్టారు. ఒక మతబోధకుణ్ణి గ్వాంగ్‌షీలో చంపారన్న కారణంతో ఫ్రాన్స్ చేతులు కలిపింది. 1857లో పార్లమెంటు దిగువ సభ ఈసారి, అప్పటికి ప్రధానమంత్రి అయిన పామర్‌స్టన్‌ను ఓడించింది, కాని అతడు ఎన్నికలకు వెళ్లి మరింత బలంతో తిరిగివచ్చాడు. చైనాకు బయలుదేరిన సైన్యంలో కొంత భాగాన్ని సిపాయిల తిరుగుబాటును అణచడానికి కలకత్తాకు మళ్లించడంతో యుద్ధం కొన్ని నెలలు వెనకబడింది.

1858 జూన్‌లో టియెన్‌సిన్ సంధి కుదిరింది. అందులో కొత్త రేవులు, బీజింగ్‌లో రాయబారి, దేశం లోపల ప్రయాణించే హక్కు, పరిహారం ఉన్నాయి. సుంకాల సంగతి తరువాత తేల్చుకుందామని వదిలేశారు. నవంబరు 8న షాంఘైలో కుదిరిన సుంకాల ఒప్పందంలో, వాణిజ్య నియమాల అయిదో నియమంలో, ఇతర సరుకుల మధ్యన మీరు వెతుకుతున్న వాక్యం ఉంది. నల్లమందు ఇకపై పికుల్‌కు 30 టేళ్ల దిగుమతి సుంకం చెల్లిస్తుంది. పికుల్ అంటే సుమారు 60 కిలోలు, అంటే దాదాపు ఒక పెట్టె. దిగుమతిదారు దాన్ని రేవులోనే అమ్మాలి, లోపలి ప్రాంతాలకు తీసుకుపోయేది చైనావారే కావాలి. పార్లమెంటు ముందుకు వచ్చే సంధిలో కాకుండా, అంకెల పట్టిక పక్కన ఉండే నియమాల్లో దాన్ని పెట్టారు.

సంధిని ధ్రువీకరించుకోవడం మీద వచ్చిన తగాదాతో యుద్ధం మళ్లీ రాజుకుంది. 1860 అక్టోబరులో సైన్యం బీజింగ్ చేరింది. సంధి మాటలకు వెళ్లి పట్టుబడినవారిలో కొందరు చిత్రహింసలతో చనిపోయారన్న కోపంతో బ్రిటిష్ ప్రతినిధి ఎల్గిన్ ప్రభువు యువాన్‌మింగ్‌యువాన్ రాజోద్యానాన్ని తగలబెట్టించాడు. మీ పాఠ్యపుస్తకంలో "తగలబెట్టించాడు" అన్న మాట నిజంగా ఉండవలసిన చోటు ఇది. దాని తరువాత కుదిరిన బీజింగ్ ఒప్పందంతో కౌలూన్ ద్వీపకల్పపు దక్షిణ భాగం బ్రిటన్‌కు వెళ్లింది. భారతదేశం నుంచి సాగిన ఎగుమతిని ఏటా పదో వంతు తగ్గించడానికి బ్రిటన్ ఒప్పుకున్నది 1907లో, అంటే షాంఘై ఒప్పందం తరువాత దాదాపు అర్ధ శతాబ్దానికి.

మీ విద్యార్థినికి ఇంకొక్క సంగతి చెప్పండి. షాంఘై ఒప్పందపు చైనా పాఠంలో ఆ సరుకు పాత పేరు రాయలేదు. చక్రవర్తి ఇన్నేళ్లు ఆజ్ఞల్లో తిట్టిన పేరును సుంకాల పట్టికలో ఎలా రాస్తారు? దానికి "యాంగ్‌యావో" అని కొత్త పేరు పెట్టారు. ఆ మాటకు విదేశీ మందు అని అర్థం. మనం కూడా దాన్ని నల్లమందు అనే అంటున్నాం కాబట్టి, ఆ పేరు వారికి ఎందుకు పనికివచ్చిందో తెలుగు తరగతిలో వేరే వివరించనక్కరలేదు.